గుట్టమీది రాత

తెలంగాణ పల్లెల్లో కొండ అనే మాట పాటల్లోనూ ఊరి పేర్లలోనూ వినపడుతుంది గానీ, మాటల్లో మాత్రం అది గుట్టే. పసులు మేసేది గుట్ట మీద, సీతాఫలాలు కాసేది గుట్ట మీద, దేవుడు వెలిసేదీ గుట్ట మీదే. దక్కన్ పీఠభూమిలో నేల చీల్చుకుని లేచినట్టుండే ఈ గ్రానైటు బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. వాటి ముందు మనిషి నిన్నమొన్న వచ్చినవాడు. అయినా వచ్చిన ప్రతి తరమూ గుట్ట మీద ఏదో ఒక గుర్తు పెట్టి పోయింది. గుండు కింది గవిలో ఎర్రరంగు బొమ్మ గీసినవాళ్లు ఒకరు, నీళ్లు నిలిచే దొనకు మెట్లు తొలిచినవాళ్లు ఇంకొకరు. ఒకరు బండ మీద శాసనం చెక్కించారు, మరొకరు బురుజు కట్టారు. ఏమీ కట్టలేనివాళ్లు ఒక్కో గుండుకు ఒక్కో పేరు పెట్టి, దానికో కథ అల్లి పిల్లలకు చెప్పారు. గుట్ట చరిత్ర అంటే ఇదంతా. అందులో సగం రాతి మీద ఉంటుంది, మిగతా సగం ముసలివాళ్ల నోట్లో ఉంటుంది. రెండోది తొందరగా పోతుందని అందరికీ తెలుసు. మొదటిదీ పోతుందని తెలిసింది ఈమధ్యే.

రాతి మీద ఏముంటుందో, అది పోతే ఏం పోతుందో చెప్పడానికి కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల పక్కనున్న బొమ్మలగుట్టను మించిన ఉదాహరణ లేదు. బొమ్మలమ్మ గుట్ట అని కూడా అంటారు. ఊరివాళ్లకు చాలాకాలం అది బొమ్మలున్న గుట్ట, అంతే. పైకెక్కితే నిలువు బండ మీద జైన తీర్థంకరుల శిల్పాలు కనిపిస్తాయి. మధ్యలో ఎనిమిది చేతులతో గరుడుని మీద కూర్చున్న దేవత చక్రేశ్వరి. ఆమె మొదటి తీర్థంకరుడైన ఆదినాథుని యక్షిణి. ఆ బొమ్మల కిందే పదకొండు వరుసల శాసనం ఉంది.

ఆ శాసనం సుమారు క్రీ.శ. 945 నాటిది. వేయించినవాడు జినవల్లభుడు. కన్నడంలో ఆదికవిగా పేరుపడ్డ పంపకవికి స్వయానా తమ్ముడు. బోధన్, వేములవాడ రాజధానులుగా ఏలిన వేములవాడ చాళుక్యుల్లో రెండో అరికేసరి ఆస్థానంలో పంపడు ఉండేవాడు. ‘విక్రమార్జున విజయం’ రాసింది అక్కడే. రాజు మెచ్చి ధర్మపురం అనే అగ్రహారాన్ని ఇచ్చాడు. ఆ సంగతీ ఈ బండ మీదే ఉంది. తమ తండ్రి భీమపయ్య పేరు, తల్లి అబ్బణబ్బె పేరు, తాతల ఊరు వేంగినాడులో ఉన్న విషయం, ఈ గుట్ట మీద జినబింబాలూ చక్రేశ్వరీ చెక్కించిన సంగతి, త్రిభువనతిలకం అనే బసది (జైన గుడి) కట్టించడం, కవితాగుణార్ణవం అనే చెరువు తవ్వించడం, మదనవిలాసం అనే తోట వేయించడం, అన్నీ జినవల్లభుడు చెప్పుకున్నాడు. కవితాగుణార్ణవుడు పంపడి బిరుదు. తాను తవ్వించిన చెరువుకు తమ్ముడు తన అన్న బిరుదునే పేరుగా పెట్టాడన్నమాట. వెయ్యేళ్ల కిందటి అన్నదమ్ముల ప్రేమ ఇంత పచ్చిగా కనిపించే చోటు మన దగ్గర ఇంకొకటి వెతికినా దొరకదు.

బొమ్మలగుట్ట విలువ అక్కడితో ఆగదు. శాసనం మూడు భాషల్లో ఉంది: సంస్కృతం, కన్నడం, తెలుగు. తెలుగు భాగంలో కంద పద్యాలున్నాయి. తెలుగు పద్యం శాసనాల్లో అంతకుముందూ ఉంది, క్రీ.శ. 848 నాటి అద్దంకి శాసనంలో తరువోజ, యుద్ధమల్లుడి బెజవాడ శాసనంలో మధ్యాక్కర కనిపిస్తాయి. కందం మాత్రం ఇంత నిండుగా, ఇంత తొలినాళ్లలో దొరికింది కురిక్యాలలోనే. నన్నయ రాజమహేంద్రవరంలో కూర్చుని భారతం మొదలుపెట్టడానికి దాదాపు నూరేళ్ల ముందే ఈ మారుమూల గుట్ట మీద ఒకాయన తెలుగులో కందం రాయించాడు. తెలుగు సాహిత్యం గోదావరి ఒడ్డున ఒక్కసారిగా పుట్టిందన్న పాత లెక్కను ఒక బండ సరిచేసింది. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా ఇచ్చేముందు జరిగిన వాదనల్లో ముందుకు తెచ్చిన ఆధారాల్లో ఈ శాసనం ఒకటి. పంపడి తల్లిదండ్రులెవరు, వాళ్ల మూలం ఏ నాడు అని కన్నడ పండితులు ఏళ్ల తరబడి పడ్డ సందేహాలూ ఇక్కడే తీరాయి. రెండు భాషల సాహిత్య చరిత్రలు ఒకే బండ మీద ఆనుకుని ఉన్నాయి.

ఆ బండ గ్రానైటే. చిక్కంతా అక్కడే.

కరీంనగర్ గ్రానైటుకు బయటి దేశాల్లో మంచి గిరాకీ. ‘ట్యాన్ బ్రౌన్’, ‘మేపుల్ రెడ్’ అన్న పేర్లతో అమ్ముడయ్యే రాయి ఈ గుట్టలదే. గుట్టను కోసే తీరు చూస్తే ఎంత తొందరగా మాయమవుతుందో అర్థమవుతుంది. వెనకటి రోజుల్లో వడ్డెరలు ఉలి, సమ్మెటలతో రోజంతా కొడితే నాలుగు కడీలు వచ్చేవి. తిరగలి, రోలు, గడపరాయి, పొలం గట్టున పాతే కడీ, అన్నీ గుట్ట అంచులో పడివున్న బండల నుంచే వచ్చేవి. గుట్టకు అది గోరు తీసినట్టు. ఇప్పుడు కంప్రెషర్ పెట్టి వరుసగా రంధ్రాలు వేస్తారు, వజ్రపు పూసలు గుచ్చిన తీగను బండ చుట్టూ తిప్పి జున్ను కోసినట్టు కోస్తారు. ఇల్లంత దిమ్మె ఊడివస్తుంది. అందులో పగులు లేని భాగం లారీ ఎక్కి, తర్వాత రైలెక్కి, కాకినాడ రేవు చేరుతుంది. పగులున్నదీ రంగు మారినదీ గుట్ట పక్కనే కుప్పపడుతుంది. ఆ కుప్ప కింద దొన పూడిపోతుంది. దొన పోతే వేసవిలో నెమలికీ ఎలుగుబంటికీ నీళ్లుండవు, గుట్ట మీంచి చెరువులోకి దిగే వాన కాలువ దారి తప్పుతుంది.

క్వారీలు ఆ చుట్టుపక్కలంతా పాకినప్పుడు బొమ్మలగుట్టకూ ముప్పు వచ్చింది. రచయితలు, చరిత్ర తెలిసినవాళ్లు, ఊరివాళ్లు గొంతెత్తితేనే అది కంటబడింది. పద్యం పేరు, పంపడి పేరు ఉన్నాయి కాబట్టి ఈ గుట్ట కోసం మాట్లాడేవాళ్లు దొరికారు. పేరు లేని గుట్టల సంగతి వేరు. ఎవరూ చదవని శాసనం ఉన్న బండ, ఎవరూ ఫొటో తీయని రంగు బొమ్మ ఉన్న గవి దిమ్మెలైపోయినా అడిగేవాడుండడు. ఏం పోయిందో తెలియదు కాబట్టి పోయినట్టు కూడా తెలియదు.

క్వారీ ఒక్కటే శత్రువు కాదు. గుప్తనిధుల పిచ్చి దానికి ఏమాత్రం తీసిపోదు. శాసనం అంటే నిధికి దారి చెప్పే గుర్తులని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. అమావాస్య రాత్రి వచ్చి నందిని పక్కకు దొర్లించి, వీరగల్లును పగలగొట్టి, లింగం కింద గొయ్యి తీసి పోతారు. నిజానికి శాసనాల్లో ఉండేది భూదానాలు, చెరువుల లెక్కలు, దీపానికి నూనె ఎవరు పోయాలన్న ఏర్పాట్లు. పాపం, నిధి ఊసు ఎక్కడా ఉండదు. పైగా 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. భూమిలో పది రూపాయలకు మించిన విలువైనది ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలని అది చెబుతుంది. ఇక భక్తి చేసే చేటు మరో రకం. జాతర వస్తుందంటే గుడి గోడకు సున్నం, గుండుకు పెయింటు, మెట్లకు టైల్స్. గోడ మీది అక్షరాల మీద నాలుగు పూతల సున్నం పడ్డాక అక్కడ శాసనం ఉందని చెప్పినా నమ్మేవాడుండడు. ఆ పని చేసేవాళ్లకు గుడి మీద గౌరవం లేక కాదు. రాత మీద గమనం లేక.

ఊరి చరిత్రను రాసిపెట్టే పని మన దగ్గర కొత్తదేమీ కాదు. స్కాట్లాండ్‌లో లూయిస్ దీవిలో పుట్టిన కాలిన్ మెకంజీ 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. అంతకు ముందు నుంచే ఆయన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల చేత దక్షిణాదిన ఊరూరా కరణాలను, పూజారులను అడిగించి స్థానిక చరిత్రలు రాయించాడు. కైఫియత్తులంటే అవే. ఇక నైజాం ఇలాకాలో పురావస్తు శాఖ 1914లో గులాం యజ్దానీ సారథ్యంలో మొదలైంది. ప్రభుత్వం పక్కన ప్రజలూ కదిలారు. కొమర్రాజు లక్ష్మణరావు పేరిట హైదరాబాదులో ఏర్పడ్డ లక్ష్మణరాయ పరిశోధక మండలి ఊళ్లు తిరిగి శాసనాలకు నకళ్లు తీయించి 1935లో ‘తెలంగాణా శాసనములు’ మొదటి సంపుటం అచ్చువేసింది. ఆదిరాజు వీరభద్రరావు వంటివారు చేతి ఖర్చులతో చేసిన పని అది. ఇప్పుడు అదే దారిలో కొత్త తెలంగాణ చరిత్ర బృందం వంటివి నడుస్తున్నాయి. అందులోవాళ్లకు ఆదివారం సెలవు కాదు, గుట్టలెక్కే రోజు.

శాసనానికి నకలు తీయడం చూడముచ్చటైన పని. ముందు బండను మెత్తటి బ్రష్‌తో, నీళ్లతో కడిగి నాచు తీస్తారు. పలచటి కాగితాన్ని తడిపి బండకు అంటిస్తారు. గట్టి కుచ్చుల బ్రష్‌తో దాని మీద తడుముతూ కొడుతుంటే కాగితం అక్షరాల పల్లాల్లోకి దిగుతుంది. ఇక్కడ తొందరపడితే కాగితం చిరుగుతుంది, ఆలస్యం చేస్తే ఆరిపోతుంది. సరిగ్గా తడి ఆరేవేళకు గుడ్డముద్దకు సిరా అద్ది పైపైన తడుతారు. ఎత్తుగా ఉన్న చోటే సిరా అంటుతుంది, అక్షరం తెల్లగా మిగులుతుంది. ఆరిన కాగితాన్ని ఒలిస్తే వెయ్యేళ్ల రాత చేతిలోకి వస్తుంది. బండ రేపు పోయినా ఆ కాగితం ఉంటుంది. కానీ కాగితం ఉందని బండను వదిలేయడం, ఫొటో ఉందని తాతను వదిలేయడం లాంటిది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో తెచ్చిన సవరణ ప్రకారం, కేంద్రం రక్షిత జాబితాలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్ల మేర నిర్మాణాలు, తవ్వకాలు నిషేధం. ఆపైన మరో 200 మీటర్ల మేర అనుమతి తప్పనిసరి. తెలంగాణ తన వారసత్వ చట్టాన్ని 2017లో తెచ్చుకుంది. లోపం చట్టంలో కన్నా జాబితాలో ఉంది. జాబితాకెక్కిన గుట్టకు ఉన్న కంచె, ఎక్కని గుట్టకు లేదు. రాష్ట్రంలో గుట్టలు వేలల్లో ఉంటే జాబితాకెక్కినవి చాలా తక్కువ. పైగా చట్టం బురుజును చూస్తుంది, గుడిని చూస్తుంది. గుట్ట మొత్తాన్ని ఒక్కటిగా చూడడం దానికి ఇంకా అలవాటు కాలేదు. శిల్పాలున్న బండను వదిలి వెనక సగం కోసేస్తే కాగితం మీద తప్పేమీ జరగనట్టే ఉంటుంది.

గుట్ట మొత్తాన్ని ఒకటిగా చూసినవాళ్ల కథ ఒకటి స్కాట్లాండ్‌లో ఉంది. అబర్డీన్‌షైర్‌లోని బెన్నహీ గుట్ట పెద్ద ఎత్తేమీ కాదు. అన్నిటికన్నా ఎత్తైన శిఖరం 528 మీటర్లు. జనానికి ఇష్టమైనది మాత్రం 518 మీటర్ల మిథర్ ట్యాప్. తల్లి శిఖరమని ఆ పేరుకు అర్థం. దాని నెత్తిన పాతకాలపు పిక్ట్ జాతివాళ్ల రాతికోట గోడలున్నాయి. గుట్ట పాదంలో మరో చరిత్ర ఉంది. 19వ శతాబ్దం తొలి రోజుల్లో సెంటు భూమి లేని కుటుంబాలు అక్కడి ఉమ్మడి నేలలో గుడిసెలు వేసుకుని, రాళ్లేరి, చిన్న చిన్న మడులు చేసుకున్నాయి. మన గైరాన్ భూమి లాంటిదే ఆ నేల. 1859లో చుట్టుపక్కల భూస్వాములు దాన్ని తమలో తాము పంచుకున్నారు. నిన్నటిదాకా సాగు చేసినవాడు తెల్లారేసరికి కౌలుదారయ్యాడు; కట్టలేనివాళ్లు వెళ్లిపోయారు. అక్కడ మిగిలిన చివరి మనిషి 1939లో చనిపోయాడు.

ఆ గుట్టను చూసుకోవడానికి 1973లో స్థానికులు ‘బెయిలీస్ ఆఫ్ బెన్నహీ’ అని సంఘం పెట్టుకున్నారు. చెత్త ఏరడం, కాలిబాటలు బాగుచేయడంతో మొదలైన పని పాత ఫొటోలు, పాటలు, ఊరి జ్ఞాపకాలు పోగుచేసి పుస్తకాలు వేయడం దాకా వెళ్లింది. అబర్డీన్ విశ్వవిద్యాలయం పురావస్తు నిపుణులతో కలిసి ఊరివాళ్లే తాపీ పట్టుకుని ఆ పేదల ఇళ్ల పునాదులను తవ్వారు. విరిగిన పింగాణీ ముక్క, గాజు సీసా మూత, మన లెక్కన చెత్త. వాళ్లు వాటిని కడిగి, నంబరు వేసి, ఏ ఇంటివో రాసిపెట్టారు. రాజుల కోటకూ కూలివాని గుడిసెకూ ఒకే గౌరవం ఇవ్వడమే బెన్నహీ దగ్గర నేర్చుకోవలసింది. మన గుట్టల మీద కాకతీయుల రాయి కోసం వెతికేవాళ్లున్నారు గానీ, అదే గుట్ట కింద బండ కొట్టిన వడ్డెర బతుకును, మేకలు మేపిన కురుమల పాటను రాసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

హైదరాబాదులో ఆ దారి పట్టినవాళ్లు లేకపోలేదు. నగరం పడమటికి పెరిగి, బండల్ని పేల్చి సైబరాబాదు కడుతున్న రోజుల్లో, 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ పుట్టింది. బండల మధ్య నడకలు, పిల్లలకు బొమ్మల పోటీలు, ఆఫీసుల చుట్టూ అర్జీలు, ఇదీ వాళ్ల పని. నగరంలో తొమ్మిది బండల సముదాయాలు వారసత్వ జాబితాకెక్కాయి. దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు, మౌలాలీ దగ్గరి కావలి బండ, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని పుట్టగొడుగు బండ అందులోవే. ఏ రాజూ కట్టని, ఏ శిల్పీ చెక్కని వట్టి బండకూ వారసత్వ హోదా ఉండొచ్చని మన రాష్ట్రంలో ఒప్పుకున్న తొలి సందర్భాల్లో అది ఒకటి.

ఇలాంటి ఉదాహరణ కోసం కామారెడ్డి జిల్లా బీబీపేట వాళ్లకు ఇంత దూరం వెళ్లే పని కూడా లేదు. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లాతోపాటు కొత్త మండలం అయ్యేదాకా బీబీపేట దోమకొండ మండలంలోనే ఉండేది. దోమకొండ పేరులో కొండ ఉంది గానీ కోట మాత్రం నేల మీదే ఉంది. కామినేని వారి సంస్థానానికి అది కేంద్రం. చుట్టూ రాతి గోడ, కందకం, లోపల మహాదేవుని రాతి గుడి, అద్దాల మేడ. జాగీర్లు రద్దయ్యాక వదిలేసిన గడీలన్నీ ఏమయ్యాయో తెలంగాణలో ఎవరికీ చెప్పనక్కరలేదు; వాసాలు ఒకరింట, తలుపులు ఇంకొకరింట తేలాయి. దోమకొండ ఆ దారిన పోలేదు. అదే కుటుంబానికి చెందిన, ఐఏఎస్ అధికారిగా పనిచేసిన కామినేని ఉమాపతిరావు చొరవతో ఒక ట్రస్టు ఏర్పడి కోటను పట్టించుకుంది. సిమెంటు పూయకుండా పాత పద్ధతిలో సున్నంతో, పాత పనితనం తెలిసిన చేతులతో ఏళ్ల తరబడి బాగుచేశారు. ఊరి ఉత్సవాలకు కోట తలుపు తెరిచే ఉంది. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో దోమకొండ కోటకు మెరిట్ పురస్కారం వచ్చింది. అదే ఏడు గోల్కొండ మెట్లబావులకూ పురస్కారం దక్కింది.

అదే జిల్లా పడమటి కొసన, జుక్కల్ మండలంలో కౌలాస్ ఉంది. ఇది అచ్చమైన గుట్టకోట. ఓరుగల్లు పడిపోయాక తెలుగు నాయకులను కూడగట్టిన కాపయ నాయకుడు, బహమనీ రాజ్యం పెట్టిన అలావుద్దీన్ హసన్‌కు వదులుకోవలసి వచ్చిన కోట ఇదే. 1857 తిరుగుబాటు రోజుల్లో కౌలాస్ రాజా దీప్‌సింగ్ తిరుగుబాటుదారులతో చేతులు కలిపినందుకు జైలుపాలయ్యాడు. మూడు భాషల సరిహద్దు అది. తెలుగు, మరాఠీ, కన్నడం అక్కడి సంతలో కలిసే వినిపిస్తాయి. బురుజుల మీద ఫిరంగులున్నాయి, గోడల సందుల్లో రావిచెట్లున్నాయి. దోమకొండకు దొరికినట్టు దీనికి పట్టుబట్టిన మనిషి దొరకలేదు. వారసులు ధనవంతులైన కోట నిలబడుతుంది, కానిది కూలుతుంది అన్నదే లెక్కయితే మాత్రం చాలా గుట్టలకు దిక్కు లేనట్టే. అందుకే బెన్నహీ పద్ధతి మనకు ఎక్కువ నప్పుతుంది. దానికి డబ్బు కన్నా ముందు కావలసింది పదిమంది మనుషులు, ఒక నోటుపుస్తకం.

ఆ నోటుపుస్తకంలో ముందుగా ఎక్కాల్సినవి గుట్ట మీది పేర్లు. పసులకాపరికి ప్రతి గుండు పేరూ, ఏ దొనలో ఏ నెల దాకా నీళ్లుంటాయో తెలుసు. ఆయన్ని వెంటబెట్టుకుని బడి పిల్లలు ఒక పూట తిరిగితే సగం పని అయినట్టే. గుట్ట ఏ సర్వే నంబరులో ఉందో గ్రామ పంచాయతీ తీర్మానంలో రాయించడం రెండో పని. లీజు దరఖాస్తు వచ్చిన రోజు పనికొచ్చేది ఆ కాగితమే. అక్షరాలున్న బండ కనబడితే సుద్ద రాయొద్దు, పసుపు పూయొద్దు, మేకుతో గీరొద్దు. వారసత్వ శాఖకు తెలపండి. ఫొటో తీయాలనుకుంటే మిట్టమధ్యాహ్నం వెళ్లొద్దు. పొద్దున ఏడింటికో సాయంత్రం అయిదింటికో, ఎండ బండ మీద ఏటవాలుగా పడ్డప్పుడు వెళ్లండి. అరిగిపోయిన అక్షరం కూడా ఆ నీడలో లేచి కనబడుతుంది.